మొదటి బుల్లి ఆవిరి ఇంజిన్: ఏది కొనాలి, ఏది తయారుచేసుకోవాలి

బల్ల మీద ఆడించుకునే చిన్న ఆవిరి ఇంజిన్ కొనాలనుకునేవారు సాధారణంగా ఫ్లైవీల్ ఎంత పెద్దది, రంగు ఎలా ఉంది, విజిల్ ఉందా లేదా అన్నవి చూసి మనసు పారేసుకుంటారు. తీరా పెట్టె ఇంటికి వచ్చాక, మంట దేనితో పెట్టాలి, ఆ ఇంధనం మన ఊళ్లో దొరుకుతుందా, లోపల నీళ్లు ఎంత మిగిలాయో ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్నలు మొదలవుతాయి. నా ఉద్దేశంలో ఈ వరుస తిరగబడాలి. ముందుగా బాయిలరును, దాని కింద మండే మంటను ఎంచుకోవాలి. ఇంజిన్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ఇంజిన్ నచ్చకపోతే అదే బాయిలరుకు మరొకటి తగిలించుకోవచ్చుగానీ, మంట కుదరని బాయిలర్ అలమారాలో అలంకారంగా మిగిలిపోతుంది.

దీనికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. మీకు కావలసింది ఇంజిన్‌ను ఆడించడమా, లేక తయారుచేయడమా? ఈ రెండూ ఒకే అభిరుచిలా కనిపిస్తాయి కానీ వీటికి కావలసిన చోటు, పనిముట్లు, ఓపిక పూర్తిగా వేరు. ఆడించాలనుకునేవారు పోతముక్కల (అచ్చులో పోసిన, ఇంకా కోసి మలచవలసిన లోహపు ముక్కల) కిట్ తెప్పించుకుంటే అది ఏళ్ల తరబడి అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. తయారుచేయాలనుకునేవారు సిద్ధంగా ఉన్న బొమ్మను కొంటే నాలుగు ఆదివారాల్లో విసుగెత్తిపోతారు.

సిద్ధంగా దొరికే ఇంజిన్లు

తయారైన బుల్లి ఇంజిన్లలో మూడు పేర్లు తరచుగా వినిపిస్తాయి. బ్రిటన్‌కు చెందిన మామోడ్‌ను 1937లో జెఫ్రీ మాలిన్స్ బర్మింగ్‌హామ్‌లో ప్రారంభించారు. జర్మనీలోని లూడెన్‌షైడ్ పట్టణానికి చెందిన విలెస్కో సంస్థ 1912 నాటిదైనా, ఆవిరి ఇంజిన్ల తయారీలోకి వచ్చింది 1950లో. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని జనెట్‌లో జెన్సెన్ సంస్థ 1932లో మొదలైంది. మూడింటి స్వభావాలూ వేరు. మామోడ్‌ది సరళమైన నిర్మాణం; విడిభాగాలు విరివిగా దొరుకుతాయి, పాతవి కూడా మరమ్మతుకు తేలికగా లొంగుతాయి. విలెస్కోలో మెరుపు ఎక్కువ, ఇత్తడి బాయిలరుకు నికెల్ పూత పూసిన నమూనాలు చాలా ఉంటాయి, అమరిక కూడా నిజమైన కర్మాగారపు ఇంజిన్‌కు దగ్గరగా ఉంటుంది. జెన్సెన్ బరువుగా, మోటుగా ఉంటుంది. ఎక్కువగా విద్యుత్తుతో వేడెక్కుతుంది.

వీటిలో ఒక్కటే చెప్పమంటే, మొదటిసారి కొనేవారికి విలెస్కో డి10 తరగతి ఇంజిన్ చాలని నేను చెబుతాను. నీటిమట్టం చూపే గాజు, స్ప్రింగుతో పనిచేసే సేఫ్టీ వాల్వ్, పిస్టన్‌ను ఇరువైపులా తోసే సిలిండర్, విజిల్ అన్నీ అందులో ఉంటాయి. అంతకంటే చవకైన నమూనాల్లో ముందుగా నీటిమట్టపు గాజును తీసేస్తారు. ధరలో ఆదా అయ్యే కాస్త డబ్బు కోసం ఆ గాజును వదులుకోవడం తెలివైన పని కాదు. బాయిలర్ లోపల నీరు కనిపించకపోతే మంట ఎప్పుడు ఆర్పాలన్నది ఊహ మీద ఆధారపడుతుంది. నీరు ఇంకిపోయిన బాయిలర్ కింద మంట మరో రెండు నిమిషాలు కొనసాగినా మెత్తటి టంకం కరిగి అతుకులు విడిపోవచ్చు. సీసం, తగరం కలిసిన సాధారణ టంకం 190 డిగ్రీల సెల్సియస్‌లోపే కరగడం మొదలవుతుంది. నీరున్నంత సేపు బాయిలర్ గోడ ఆ వేడికి చేరదు, నీరు పోయిన క్షణం నుంచి దానికి అడ్డు ఉండదు.

ఈ బొమ్మ బాయిలర్ల పీడనం గురించి అనవసరంగా భయపడనక్కరలేదు. విలెస్కో సేఫ్టీ వాల్వులు సుమారు 1.5 బార్ దగ్గర తెరుచుకుంటాయి. మన వంటింటి ప్రెషర్ కుక్కర్ పనిచేసేది కూడా దాదాపు 1 బార్ వద్దనే. అయితే కుక్కర్ విషయంలో మూడు తరాలుగా వచ్చిన జాగ్రత్త మనకు ఉంది, దీని విషయంలో ఇంకా లేదు. కాబట్టి మంట పెట్టే ప్రతిసారీ సేఫ్టీ వాల్వ్ కాడను వేళ్లతో లాగి చూసి, అది స్వేచ్ఛగా కదిలి తిరిగి కూర్చుంటోందని నిర్ధారించుకున్న తర్వాతే అగ్గిపుల్ల గీయాలి.

ఊగే సిలిండర్, కదలని సిలిండర్

ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే తేడా ఇదే కనుక దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఊగే సిలిండర్ ఉన్న ఇంజిన్లలో ప్రత్యేకమైన వాల్వ్ ఉండదు. సిలిండరే ఒక ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతుంది. దాని చదునైన ముఖం మీద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. ఒకవైపు ఊగినప్పుడు ఆ రంధ్రం ఆవిరి వచ్చే దారికి ఎదురుగా, మరోవైపు ఊగినప్పుడు ఆవిరి బయటికి పోయే దారికి ఎదురుగా వచ్చి నిలుస్తుంది. ఈ రెండు ముఖాలను ఒక స్ప్రింగ్ నొక్కి పట్టుకుంటుంది. భాగాలు తక్కువ కాబట్టి పాడయ్యేవీ తక్కువే. పైగా పీడనం హద్దు దాటితే సిలిండర్ తనంతట తానే కొద్దిగా వెనక్కి జరిగి ఆవిరిని వదిలేస్తుంది. కానీ ఇదే కారణంగా అది ఎక్కువ పీడనంతో పనిచేయలేదు, ముఖాలు అరిగినకొద్దీ పక్కల నుంచి ఆవిరి కారుతూనే ఉంటుంది. మామోడ్ నమూనాల్లో చాలావరకు ఈ రకానివే.

కదలని సిలిండర్ ఉన్న ఇంజిన్లలో పక్కనే ఒక పెట్టెలో జారుడు వాల్వ్ ఉంటుంది. ఫ్లైవీల్ ఇరుసు మీద కేంద్రం తప్పించి బిగించిన ఎక్సెంట్రిక్ అనే చక్రం దాన్ని ముందుకూ వెనక్కూ నడిపిస్తుంది. ఆవిరి పిస్టన్‌కు రెండు వైపులా వంతులవారీగా అందుతుంది. పాత జిన్నింగు మిల్లుల్లోనూ బియ్యపు మిల్లుల్లోనూ తిరిగిన పెద్ద ఇంజిన్ల అమరిక ఇదే కనుక, పిల్లలకు ఆవిరి యంత్రం ఎలా నడిచేదో చూపించాలనుకునేవారికి నేను దీన్నే సూచిస్తాను. వాల్వ్ సమయం సర్దుకోవడం నేర్చుకోవలసి వస్తుంది, అదే అందులోని ఆనందం కూడా. ఒక్క సిలిండర్ ఉన్న ఇంజిన్, అది ఏ రకమైనా, తనంతట తాను బయలుదేరుతుందన్న హామీ లేదు. పిస్టన్ సరిగ్గా కొసన ఆగితే వేలితో తోయవలసిందే. తొంభై డిగ్రీల తేడాతో అమర్చిన రెండు సిలిండర్లుండి, ఆవిరి పిస్టన్లకు ఇరువైపులా అందుతుంటే, అది ఏ స్థితిలో ఆగినా తిరిగి బయలుదేరుతుంది. పడవలోనో రైలులోనో పెట్టాలనుకునేవారు ఈ ఒక్క విషయం కోసమే జంట సిలిండర్లకు ఎక్కువ ధర చెల్లించవచ్చు.

మొదటిసారి నడిపినప్పుడు చాలామంది ఇంజిన్ పనిచేయడం లేదని బెంగపడతారు. చల్లటి సిలిండరులోకి వెళ్లిన తొలి ఆవిరి అక్కడే నీరై కూర్చుంటుంది. ఫ్లైవీల్‌ను వేలితో పలుమార్లు తిప్పుతూ ఉంటే ఎగ్జాస్ట్ గొట్టం నుంచి మొదట వేడినీళ్లు చిమ్ముతాయి, ఆ నీళ్లలో నూనె తెట్టు కనిపిస్తుంది, తర్వాత తెల్లటి ఆవిరి తునకలుగా వస్తుంది. ఆ దశలో వేలి కింద ఫ్లైవీల్ బరువు తగ్గినట్టు అనిపించి, మరుక్షణం అది చేతిలోంచి జారిపోయి తిరుగుతుంది. కింద ఒక పాత పళ్లెం పెట్టకపోతే బల్ల పాడవుతుంది.

మంట సంగతి

మామోడ్ తన తొలి దశాబ్దాల్లో మిథిలేటెడ్ స్పిరిట్ దీపాలను వాడేది. 1970ల చివరలో ఘన ఇంధనపు బిళ్లలకు మారింది. దానికి ప్రధాన కారణం భద్రతే. స్పిరిట్ ఒలికితే మంట కూడా దానితోపాటు పారుతుంది, పగటి వెలుగులో ఆ మంట కంటికి సరిగ్గా కనిపించదు కూడా. మన దగ్గర డీనేచర్డ్ స్పిరిట్ అని పిలిచే ఆ ద్రవం అమ్మకంపై ఎక్సైజ్ నియంత్రణ ఉన్నందున కిరాణా సరుకులా దొరకదు. దాని బదులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడితే మంట పసుపురంగులో మండి బాయిలర్ అడుగున మసి పట్టిస్తుంది.

బిళ్లల్లో ఉండేది హెక్సమీన్. జర్మన్ ఇంజిన్లతో ఎస్బిట్ పేరుతో వచ్చేది ఇదే పదార్థం. మన దేశంలో కొండలెక్కేవారి సామగ్రి అమ్మేవారి దగ్గర హెక్సమీన్ బిళ్లలు దొరుకుతాయి. వాటి పరిమాణం తయారీదారు చెప్పిన బిళ్లతో సమానంగా ఉండదు కనుక, లెక్క బిళ్లల్లో కాకుండా గ్రాముల్లో పెట్టుకోవాలి. ఇది చిన్న విషయం కాదు. బిళ్ల మంటను మధ్యలో తగ్గించలేము. అందుకే ఇంధనం నీటికంటే ముందే అయిపోయేలా కొలిచి పెట్టడమే ఈ పద్ధతిలోని అసలైన రక్షణ. పొగ లేకపోయినా దాని ఆవిర్లు ఘాటుగా ఉంటాయి, మూసిన గదిలో అస్సలు పనికిరావు. మిగిలిన జిగట అవశేషం చేతికంటితే వెంటనే కడుక్కోవాలి. విదేశాల నుంచి వచ్చే బంధువులతో ఇంజిన్ తెప్పించుకునేవారు బిళ్లలు మాత్రం పెట్టెలోంచి తీసేయమని ముందే చెప్పాలి. మండే ఘనపదార్థాలు కాబట్టి విమానంలో చేతిసంచిలోనూ, సామానులోనూ వీటిని అనుమతించరు. గ్యాస్ డబ్బాలకూ ఇదే వర్తిస్తుంది.

బ్యూటేన్ గ్యాస్ బర్నర్ ఖరీదైనది, కానీ మంట మన అదుపులో ఉంటుంది. బ్రిటన్‌లో చలికాలంలో గ్యాస్ టాంకు చల్లబడి మంట నీరసిస్తుందని దాన్ని గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో కూర్చోబెడతారు. మన వేసవిలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఇబ్బంది వస్తుంది: మే నెలలో విజయవాడ మిద్దె మీద టాంకులో పీడనం బాగా పెరిగి, బ్రిటన్ వాతావరణానికి సర్దిన బర్నర్ గర్జిస్తుంది. ఎండ తగలని చోట, తెల్లవారుజామున నడుపుకోవడం మేలు.

విద్యుత్తు మాట వచ్చేసరికి మాత్రం ఇల్లు ఎక్కడుందన్నదే నిర్ణయిస్తుంది. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు, ముఖ్యంగా అపార్ట్‌మెంట్లలో మంట పెట్టడానికి వీలులేనివారికి, జెన్సెన్ చక్కగా సరిపోతుంది. కానీ అది అక్కడి 110–120 వోల్టుల సరఫరాకు చేసింది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే వేడి రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లవుతుంది. హీటర్ తీగ కాలిపోతుంది. దాని వాటేజీని మోయగల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి, అది ఇంజిన్ కంటే బరువుండవచ్చు. హైదరాబాదులోనో విశాఖలోనో ఉండి విద్యుత్తుతో నడిచేదే కావాలనుకునేవారు, యూరప్ సరఫరాకు సరిపడేలా చేసిన విలెస్కో డి20 వంటి 230 వోల్టుల నమూనా తెప్పించుకోవడం నయం. ఏ విద్యుత్ బాయిలరుకైనా నీరు హీటర్ కంటే కిందికి దిగితే హీటర్ పోతుంది. ఇంధనం తానుగా అయిపోయే సౌలభ్యం ఇక్కడ లేదు.

నీళ్ల గురించి ఒక్క మాట. హైదరాబాదు శివార్ల బోరు నీళ్లు పోస్తే బాయిలర్ లోపల తెల్లటి పొర పేరుకుంటుంది, దాన్ని గీకే దారి ఉండదు. ఇన్వర్టర్ బ్యాటరీలకు అమ్మే డిస్టిల్డ్ వాటర్ గానీ, వడకట్టిన వాననీరు గానీ వాడాలి.

తయారుచేయాలనుకునేవారికి

ఈ దారిలో అందరూ మొదట తలుచుకునే పేరు స్టూవర్ట్. థేమ్స్ నది ఒడ్డున హెన్లీ పట్టణంలో స్టూవర్ట్ టర్నర్ మొదలుపెట్టిన ఈ పోతముక్కల సంప్రదాయం నూరేళ్లు దాటినా నడుస్తూనే ఉంది. దాని 10వి నిలువు ఇంజిన్ సిలిండర్ వ్యాసం ముప్పావు అంగుళం, పిస్టన్ కదలిక కూడా ముప్పావు అంగుళమే. ఫ్లైవీల్ 3 అంగుళాలు. అరచేతిలో ఇమిడే ఈ ఇంజిన్ మూడు రూపాల్లో దొరుకుతుంది: పచ్చి పోతముక్కలు, ముందే కోసి రంధ్రాలు వేసిన కిట్, పూర్తిగా బిగించినది. న్యూయార్క్ రాష్ట్రంలోని పీఎం రీసెర్చ్ కూడా ఇలాంటి పోతముక్కలను అమ్ముతుంది.

వీటిలో మధ్యరకానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. పచ్చి పోతముక్కలకు లేత్ మిషన్, డ్రిల్లింగ్ మిషన్, మరలు కోసే ట్యాపులు, డైలు, కొలిచే పరికరాలు కావాలి. వీటి ఖర్చు పోతముక్కల ధరకు ఎన్నో రెట్లు. ముందే కోసిన కిట్‌కు ఆకురాళ్లు, స్పానర్లు, కొద్దిపాటి ట్యాపులు, ఓపిక ఉంటే చాలు. అతుకులు అరగదీసి బిగుతుగా కూర్చోబెట్టడం, వాల్వ్ సర్దడం వంటి అసలు విద్య అందులోనూ మిగిలే ఉంటుంది. లేత్ లేకున్నా పచ్చి ముక్కలే కావాలన్న పట్టుదల ఉన్నవారికి బాలానగర్, జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో టర్నర్ల దుకాణాలున్నాయి. కానీ అక్కడి వారికి ఒక్క చిన్న ముక్క కోసం మిషన్ ఆపి సర్దడం గిట్టుబాటు కాదు. అన్ని ముక్కలనూ కొలతల బొమ్మతో సహా ఒకేసారి, పని తక్కువగా ఉన్న రోజున తీసుకెళ్లాలి. ఇసుకలో పోసిన ఇనుముకు పైన గట్టి తోలు ఉంటుందని వారికి తెలుసు. ఇంట్లో చిన్న లేత్ మీద కొత్తగా నేర్చుకునేవారికి తెలియదు. భయపడి పైపైన గీస్తే ఆ తోలు పనిముట్టు మొనను తినేస్తుంది. మొదటి కోతే తోలు కిందికి దిగేలా లోతుగా, నిదానంగా వేయాలి.

బ్రిటిష్ కొలతల బొమ్మలు అంగుళాల్లోనూ, మరలు బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) కొలతల్లోనూ ఉంటాయి. వాటిని చూసి వెనకాడనక్కరలేదు. 7బీఏ మర వ్యాసం 2.5 మిల్లీమీటర్లు కనుక మెట్రిక్ కొలతలోని ఎం2.5 దాని స్థానంలో సరిపోతుంది, 5బీఏ 3.2 మిల్లీమీటర్లు, దాని బదులు ఎం3 వాడవచ్చు. రంధ్రం, మర, నట్టు మూడూ మార్చాలి, ఒక్కదాన్ని మార్చి ఊరుకుంటే కుదరదు.

తయారుచేసేవారికి నా ముఖ్యమైన సలహా ఏమిటంటే, మొదటి ఏడాది బాయిలర్ జోలికి వెళ్లవద్దు. పూర్తయిన ఇంజిన్ గాలితో కూడా తిరుగుతుంది. పంక్చర్ షాపు తరహా కంప్రెసర్ ఉంటే, దానికి పీడనం తగ్గించే రెగ్యులేటర్ బిగించి 1 బార్ కంటే దిగువకు తెచ్చి ఇవ్వాలి. నేరుగా కలిపితే 7, 8 బార్ల గాలి చిన్న సిలిండరును పాడుచేస్తుంది. గాలి మీద నెమ్మదిగా, తడబాటు లేకుండా తిరిగే ఇంజిన్ ఆవిరి మీద కూడా తిరుగుతుంది. ఆ తర్వాత కూడా బాయిలరును పరీక్షాపత్రంతో సహా కొనడమే ఉత్తమం. రాగి బాయిలరుకు వెండి కలిసిన టంకం వేయాలి; అది కరగడానికి 600 డిగ్రీలకు పైగా వేడి కావాలి, రాగి ఆ వేడిని అంతే వేగంగా లాగేసుకుంటుంది కనుక చిన్న టార్చ్‌తో అయ్యే పని కాదు. కొత్త బాయిలరును చల్లటి నీటితో నింపి, పనిచేసే పీడనానికి రెట్టింపు పీడనం ఇచ్చి పరీక్షిస్తారు. గాలితోనో ఆవిరితోనో ఈ పరీక్ష చేయకూడదు. నీరు ఎంత నొక్కినా దాదాపు కుదించుకోదు కాబట్టి అతుకు విడిపోయినా చుక్క కారి ఊరుకుంటుంది. మన దేశంలోని బాయిలర్ల చట్టం 25 లీటర్లలోపు బాయిలర్లకు వర్తించదు. అంటే మీ చిన్న బాయిలరును చూడటానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. బ్రిటన్‌లో బుల్లి ఇంజిన్ల క్లబ్బులు చేసే ఆ పరీక్షను ఇక్కడ ఎవరికి వారే చేసుకోవాలి.

పట్టాల మీద నడిచేవి

రైలు ఇంజిన్ కావాలన్న కోరిక అందరికీ ఉంటుంది, చోటు మాత్రం అందరికీ ఉండదు. రెండు పట్టాల మధ్య ఎడాన్ని గేజ్ అంటారు; 45 మిల్లీమీటర్ల ఎడమున్న పట్టాల మీద నడిచే గేజ్ 1 పెద్ద ఇంజిన్లకు మలుపు వ్యాసార్ధం 3 మీటర్ల వరకు కావాలి. అంటే వలయం అడ్డంగానే 6 మీటర్లు. డాన్‌కాస్టర్‌లోని రౌండ్‌హౌస్ సంస్థ 1982 నుంచి చేస్తున్న సన్నపట్టాల ఇంజిన్లు అంతకంటే చాలా బిగుతు మలుపుల్లో తిరుగుతాయి, మిద్దె మీద పట్టే వలయంలో సరిపోతాయి. ఇవి అడుగుకు 16 మిల్లీమీటర్ల కొలతలో ఉంటాయి కనుక 32 మిల్లీమీటర్ల పట్టా నిజజీవితంలో 2 అడుగుల గేజ్‌కు సమానం. మన దార్జిలింగ్ రైలుదీ అదే గేజ్. ధర విషయానికి వస్తే ఇవి బల్ల మీది ఇంజిన్‌కు ఎన్నో రెట్లు, పైన దిగుమతి సుంకం. నేనైతే బల్ల మీది ఇంజిన్‌ను ఒక ఏడాది నడిపి, నూనె పోయడం, నీరు దించడం అలవాటయ్యాకనే వీటివైపు చూడమంటాను. మనుషులను ఎక్కించుకునే 5 అంగుళాల గేజ్ ఇంజిన్లు ఏళ్ల తరబడి చేసే పని. వాటి ప్రస్తావన ఇక్కడ అనవసరం.

పెద్దగా డబ్బు పెట్టకుండా రుచి చూడాలనుకునేవారికి జాతరల్లోనూ నాంపల్లి నుమాయిష్‌లోనూ అమ్మే రేకు పడవ ఉంది. చిన్న వత్తి వెలిగిస్తే టకటకమంటూ తొట్టిలో తిరిగే ఆ పడవ కూడా ఆవిరి యంత్రమే. దానికి పిస్టన్ లేదు, వాల్వ్ లేదు. గొట్టంలో కొంత నీరు ఆవిరై మిగిలిన నీటిని బయటికి నెడుతుంది, ఆవిరి చల్లబడగానే గొట్టం నీటిని తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. ఎనిమిదేళ్ల పిల్లకు మొదట ఇది ఇచ్చి చూడండి.

పాతవి కొనేటప్పుడు

వాడిన మామోడ్‌లు ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు కనిపిస్తాయి, వాటిలో మంచివీ ఉంటాయి. ఫొటోల్లో బాయిలర్ అడుగుభాగాన్ని అడిగి తెప్పించుకోవాలి. అక్కడ ఇత్తడి నీలంగానో నల్లగానో మారి, కొసమూతల దగ్గర టంకం కారిన ఆనవాళ్లుంటే అది నీళ్లు లేకుండా కాలిన బాయిలర్. ఎంత చవకైనా వదిలేయాలి. రంగు పోవడం, ఫ్లైవీల్ తుప్పు పట్టడం లెక్కలోవి కావు. పాత సేఫ్టీ వాల్వ్ బాగానే కనిపించినా దాన్ని వాడకుండా కొత్తది బిగించాలి.

ఏ ఇంజిన్ తెప్పించుకున్నా అదే పార్సిల్‌లో స్టీమ్ ఆయిల్ (ఆవిరి సిలిండర్ల కోసమే చేసిన నూనె) ఒక సీసా, ఫైబర్ వాషర్లు, అదనపు సేఫ్టీ వాల్వ్ ఒకటి తప్పక చేర్చండి. తర్వాత విడిగా తెప్పిస్తే రవాణా ఖర్చు వస్తువు ధరను మించుతుంది. బండి ఇంజిన్ ఆయిల్ దీనికి బదులు కాదు, ఆవిరి నీటితో కలిసి అది తెల్లటి నురగలా మారి లోహాన్ని వదిలేస్తుంది. సిలిండరుకు నూనె అందించే లూబ్రికేటర్ గిన్నెలో ఆవిరి నీరై అడుగుకు చేరి, పైన తేలే నూనెను కొద్దికొద్దిగా సిలిండరులోకి నెడుతుంది. అందువల్ల ప్రతిసారి నడిపిన తర్వాత బాయిలర్ పూర్తిగా చల్లారాక ఆ గిన్నె మర విప్పి, అడుగున చేరిన నీటిని దించి, కొత్త నూనె నింపి పెట్టాలి.